గడ్డ కట్టిన సరస్సు మీద బ్యాటరీ సైకిలు



ఈ నెల ప్రశ్న మన కురవి నుంచే వచ్చింది. ఏడవ తరగతి చదువుతున్న ఒక అమ్మాయి ఇలా అడిగింది: "సార్, మా పెద్దనాన్న కొడుకు అమెరికాలో మినెసోటా రాష్ట్రంలో ఉంటాడు. అక్కడ చలికాలంలో చెరువులు గడ్డ కడతాయట. ఈసారి దాని మీద బ్యాటరీ సైకిలు తొక్కుతానని అన్నయ్య ఫోనులో చెప్పాడు. అది విన్నప్పటి నుంచి మా నాయనమ్మకు నిద్ర పట్టడం లేదు. నీళ్ళ మీద సైకిలు తొక్కవచ్చునా? పోలీసులు పట్టుకోరా? అన్నయ్యకు ఏమని చెప్పమంటారు?"

మంచి ప్రశ్న. ఇందులో నిజానికి రెండు ప్రశ్నలు ఉన్నాయి. తొక్కితే మంచు ఆగుతుందా అన్నది ఒకటి. తొక్కడానికి చట్టం ఒప్పుకుంటుందా అన్నది రెండవది. మొదటిది ప్రకృతి చట్టం, రెండవది ప్రభుత్వం చేసిన చట్టం. రెండవదాన్ని మీరితే జరిమానా కడతాం. మొదటిదాన్ని మీరితే జరిమానా కట్టడానికి మనిషే మిగలకపోవచ్చు. అందుచేత ముందు మొదటిదాన్నే చూద్దాం.

మన భాషలో "మంచు" అన్న మాట ఒక్కటే అన్నింటికీ వాడతాం. తెల్లవారుజామున గడ్డి మీద మెరిసేదీ మంచే, పొలాల మీద పొగలాగా కమ్మేదీ మంచే, హిమాలయాల మీద కురిసేదీ మంచే, సోడా బండి దగ్గర పగలగొట్టేదీ మంచుగడ్డే. మన దేశపు ఈ భాగంలో చెరువు గడ్డ కట్టడమన్నది లేదు. బయ్యారం చెరువు గానీ, పాకాల చెరువు గానీ కాకతీయుల నాటి నుంచి నేటి వరకు గడ్డ కట్టి ఎరుగవు. మన జిల్లాలో ఎంత చలి పెట్టినా ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు దిగదు. మినెసోటా సంగతి వేరు. అక్కడ నెలల తరబడి ఉష్ణోగ్రత సున్నాకు దిగువనే ఉంటుంది. "పది వేల సరస్సుల దేశం" అని ఆ రాష్ట్రానికి పేరు. లెక్క పెడితే పది ఎకరాలూ అంతకన్న పెద్దవీ 11,842 సరస్సులు ఉన్నాయి. చలికాలంలో అవన్నీ పైన గడ్డ కడతాయి.

"పైన" అన్న మాటను గమనించండి. సరస్సు అడుగు నుంచి గడ్డ కట్టదు, పైనుంచి గడ్డ కడుతుంది. ఎందుకు?

సాధారణంగా ఏ ద్రవమైనా చల్లబడేకొద్దీ కుంచించుకుని బరువెక్కుతుంది. నీరు కూడా 4 డిగ్రీల సెంటీగ్రేడు వరకు అలాగే చేస్తుంది. ఆ తరువాత మటుకు ఎదురు తిరుగుతుంది. 4 డిగ్రీల నుంచి సున్నాకు చల్లబడేటప్పుడు నీరు కొద్దిగా వ్యాకోచించి తేలిక అవుతుంది. చలికాలం రాగానే సరస్సు పైనీరు చల్లబడి, బరువెక్కి, కిందికి దిగుతుంది. కింది నీరు పైకి వస్తుంది. సరస్సంతా 4 డిగ్రీలకు వచ్చేదాకా ఈ రాకపోకలు సాగుతాయి. అంతకన్న చల్లబడిన నీరు తేలిక కనక పైనే నిలిచిపోతుంది. అక్కడే సున్నాకు చేరి గడ్డ కడుతుంది. గడ్డ కట్టేటప్పుడు నీటి పరిమాణం సుమారు పదకొండవ వంతు పెరుగుతుంది. అందుకే మంచుగడ్డ నీటి మీద తేలుతుంది. కింద 4 డిగ్రీల నీటిలో చేపలు హాయిగా బతుకుతాయి. నీటికి ఈ వింత గుణమే లేకపోతే చలిదేశాల సరస్సులలో చేప అన్నది ఉండేది కాదు.

కాబట్టి అన్నయ్య తొక్కబోయేది నీటి మీద కాదు. నీటి మీద పరచిన పలక మీద. ఆ పలక ఎంత గట్టిది అన్నదే ప్రశ్న.

పలక బలం దాని మందంలో ఉంటుంది. కెనడా జాతీయ పరిశోధనా మండలిలో పనిచేసిన లోర్న్ గోల్డ్ అనే శాస్త్రజ్ఞుడు గడ్డ కట్టిన సరస్సుల మీద లారీలు, యంత్రాలు నడిచిన సందర్భాలను ఎన్నింటినో పరిశీలించి, 1971లో ఒక చిన్న సూత్రం ప్రకటించాడు. మంచు మోయగల బరువు దాని మందపు వర్గాన్ని బట్టి ఉంటుంది అన్నదే ఆ సూత్రం. మందాన్ని సెంటీమీటర్లలో కొలిచి, దాన్ని దానితోనే గుణించి, మళ్ళీ 3.5తో గుణిస్తే జాగ్రత్తగా మోపదగిన బరువు కిలోలలో వస్తుంది. లెక్క చేసి చూడండి. 10 సెంటీమీటర్ల మంచుకు 350 కిలోలు. 20 సెంటీమీటర్లకు 700 కాదు, 1,400 కిలోలు. అలాగే 5 సెంటీమీటర్లకు 175 కాదు, 87 కిలోలే!

మందం రెట్టింపు అయితే బలం నాలుగు రెట్లు అయింది. మందం సగం అయితే బలం నాలుగవ వంతుకు పడిపోయింది. ఇక్కడే మనిషి మోసపోతాడు. నాలుగు అడుగుల వెనక మంచు బాగానే మోసింది కదా అని ముందుకు వెళతాడు. అక్కడ మందం సగమే ఉండవచ్చు. చూడడానికి ఆ తేడా కంటికి ఆనదు. బలంలో మటుకు ముప్పాతిక వంతు మాయమై ఉంటుంది.

ఇప్పుడు సైకిలు బరువు చూద్దాం. లావు టైర్ల బ్యాటరీ సైకిలు సుమారు 30 కిలోలు ఉంటుంది. తొక్కేవాడు 70 కిలోలు అనుకుందాం. చలిబట్టలు, బూట్లు, సంచీ కలిపి మరి ఐదు కిలోలు. మొత్తం 105 కిలోలు. సూత్రం ప్రకారం 6 సెంటీమీటర్ల మంచు చాలు అని మీలో లెక్కలు బాగా వచ్చినవారు అప్పుడే చెప్పి ఉంటారు. లెక్క సరిపోయింది. కాని అలా వెళ్ళడం తప్పు. ఎందుకంటే సూత్రం ఒకే మందంగా, పగుళ్ళు లేకుండా, గాజులాగా గట్టిగా ఉన్న మంచుకు చెప్పింది. సరస్సు అలా ఉండదు.

ఊట ఉన్న చోట మంచు పలచగా ఉంటుంది. వాగు వచ్చి కలిసే చోట, వంతెన కింద, తుంగ మొలిచిన ఒడ్డున, నీటిలో పాతిన గుంజల చుట్టూ కూడా పలచగానే ఉంటుంది. మంచు మీద మెత్తటి హిమం కురిసి పేరుకుంటే అది దుప్పటిలాగా పనిచేసి, పైచలిని కిందికి పోనివ్వదు. అప్పుడు కింద గడ్డ పెరగడం నెమ్మదిస్తుంది. పైకి తెల్లగా, దట్టంగా కనిపించే చోటనే కింద పలచగా ఉండవచ్చునన్న మాట. పైగా, తడిసిన హిమం గడ్డ కట్టి ఏర్పడిన తెల్లమంచులో గాలి బుడగలు ఉంటాయి. దాని బలం నల్లగా, పారదర్శకంగా ఉండే కొత్త మంచులో సగమే.

ఇంకొక కారణం మనుషులు కల్పించినదే. హిమం కప్పిన సరస్సులోకి వెలుగు దిగదు. నీటి మొక్కలు ప్రాణవాయువును తయారుచేయలేవు. లోతు తక్కువ సరస్సులలో చేపలు ఊపిరాడక చస్తాయి. అందుచేత మినెసోటాలో కొన్ని సరస్సులలోకి యంత్రాలతో గాలి బుడగలు పంపుతారు. ఆ బుడగలు అడుగున ఉన్న వెచ్చటి నీటిని పైకి తెస్తాయి. అక్కడ మంచు కరిగి నీరు బయటపడుతుంది. ఆ చుట్టూ "పలచని మంచు" అని హెచ్చరిక పలకలు పెడతారు. ఆ పలక కనిపించిందంటే ఇక ఆ వైపు పోనే కూడదు.

ఇవన్నీ ఆలోచించే మినెసోటా ప్రకృతి వనరుల శాఖ సూత్రం అడిగే దానికన్న ఎక్కువ మందం అడుగుతుంది. కొత్తగా గడ్డ కట్టిన తేటమంచు మీద నడవడానికి కనీసం 4 అంగుళాలు, అంటే 10 సెంటీమీటర్లు ఉండాలి. హిమం మీద నడిచే మోటారు బండికి 5 నుంచి 7 అంగుళాలు. చిన్న కారుకు 9 నుంచి 10 అంగుళాలు. తెల్లమంచు అయితే ఈ అంకెలన్నీ రెట్టింపు చేసుకోవాలి. 4 అంగుళాలు లేకపోతే కాలే పెట్టవద్దు. సైకిలూ మనిషీ కలిస్తే వట్టి మనిషికన్న బరువు కదా! అందుచేత నడిచేవాని అంకె దగ్గర ఆగకుండా, హిమం బండికి చెప్పిన అంకెను పట్టుకోవడమే తెలివి. ఇంత చెప్పి, ఆ శాఖవారే మళ్ళీ ఒక మాట చేరుస్తారు: పూర్తిగా భద్రమైన మంచు అన్నది ఎక్కడా లేదు అని.

"సార్, లావు టైర్లు ఉన్నాయి కదా, బరువు ఎక్కువ చోటు మీద పరుచుకోదా?" అని మీరు అడగవచ్చు. ఒంటె పాదం ఇసుకలో దిగబడదని చదువుకున్నారు కనక ఆ అనుమానం రావడం సహజమే. మెత్తటి హిమంలో దిగబడకుండా ఉండడానికి లావు టైరు నిజంగానే సాయం చేస్తుంది. కాని అడుగున ఉన్న గడ్డ విరిగేది టైరు గుచ్చుకోవడం వల్ల కాదు, పలక మొత్తం వంగడం వల్ల. బరువు పెట్టిన చోటి చుట్టూ కొన్ని మీటర్ల మేర మంచు పళ్ళెంలాగా వంగుతుంది. ఆ వంపు ముందు టైరు రెండంగుళాలైనా, నాలుగు అంగుళాలైనా ఒకటే. 105 కిలోలు 105 కిలోలే.

ఇది కేవలం పుస్తకంలో లెక్క అనుకోకండి. 2022 డిసెంబరు 26న అరిజోనా రాష్ట్రంలో ఉడ్స్ కెనియన్ అనే సరస్సు మీద ముగ్గురు మన తెలుగువారే, ఇద్దరు పురుషులు, ఒక స్త్రీ, నడుస్తూ ఉండగా మంచు విరిగి నీళ్ళలో పడిపోయారు. సహాయక దళంవారు ఆమెను బయటికి తీశారు గాని ప్రాణం నిలపలేకపోయారు. మిగిలిన ఇద్దరి దేహాలు మరునాడు దొరికాయి. అరిజోనా అంటే ఎడారుల రాష్ట్రం. ఆ సరస్సు మటుకు ఎత్తయిన కొండ ప్రాంతంలో ఉన్నది. రాత్రి గడ్డ కడుతుంది, పగటి ఎండకు మెత్తబడుతుంది. సైకిళ్ళు లేవు, వేగం లేదు. మనిషి నడకకే విరిగింది. మంచు ఎరుగని ఊళ్ళ నుంచి వెళ్ళిన మనవాళ్ళకు చెరువు గట్టిపడి కనిపించడమే ఒక అద్భుతం. దాని మీద నిలబడి చూడాలనిపిస్తుంది. అందులో వారి తప్పు వెతకనక్కరలేదు. అక్కడ పుట్టిన పిల్లలకు ఆ మంచు సంగతి పెద్దలు చెబుతారు. ఇక్కడి నుంచి వెళ్ళినవారికి చెప్పేవారు ఎవరు? అందుకే ఈ పాఠం.

తగిన మందం ఉంటే మంచు ఎంత మోస్తుందో కూడా చెప్పాలి. 2023 ఫిబ్రవరి 20న మన లడఖ్‌లో, గడ్డ కట్టిన పాంగాంగ్ సరస్సు మీద 21 కిలోమీటర్ల పరుగు పందెం జరిగింది. లుకుంగ్ నుంచి మాన్ గ్రామం వరకు 75 మంది పరుగెత్తారు. అంటే గడ్డ కట్టిన సరస్సు మీదికి వెళ్ళడమే పాపం కాదు. మంచును పరీక్షించి, సహాయానికి మనుషులను సిద్ధంగా ఉంచి వెళ్ళడం వేరు. మెరుస్తున్నది కదా అని దిగడం వేరు.

ఇక జారుడు సంగతి. సున్నాకు తక్కువ ఉన్నప్పుడు కూడా మంచు పైన అతి పలచని నీటివంటి పొర ఒకటి ఉంటుందని 1850లో మైకేల్ ఫారడే అనే మహాశాస్త్రజ్ఞుడు ఊహించాడు. తరువాతి పరిశోధనలు ఆ ఊహను బలపరచాయి. ఆ పొర చేత ఘర్షణ బాగా తగ్గిపోతుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోయే సైకిలు పొడి తారురోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే సుమారు మూడు మీటర్లలో ఆగుతుంది. అదే వేగంతో నున్నటి మంచు మీద ఆగడానికి సుమారు 16 మీటర్లు పట్టవచ్చు. అంటే మన బడి గది దాటి, పక్క గది కూడా దాటి పోతుంది! అందుకే అక్కడివారు చిన్న చిన్న ఉక్కు మేకులు దిగేసిన టైర్లు వాడతారు. బ్యాటరీ సైకిలుకు మరొక చిక్కు ఉన్నది. మోటారును ఒక్కసారి ఎక్కువ తిప్పితే చక్రం ఉన్నచోటనే గిర్రున తిరిగి, బండి పక్కకు జారుతుంది. కనక మోటారును అతి తక్కువలో పెట్టుకుని, ఎక్కువగా కాళ్ళతోనే తొక్కాలి. మలుపు పెద్దదిగా తిప్పాలి. ముందు బ్రేకును ముట్టుకోకుండా ఉంటే మరీ మంచిది.

బ్యాటరీకి కూడా చలి పడదు. దానిలో లిథియం అయాన్లు ద్రవం గుండా ఒక కొస నుంచి మరొక కొసకు ప్రయాణం చేస్తే విద్యుత్తు వస్తుంది. చలిలో ఆ ప్రయాణం మందగిస్తుంది. వేసవిలో 40 కిలోమీటర్లు పోయే బండి, గడ్డ కట్టే చలిలో అంత దూరం పోదు. అందుచేత బ్యాటరీ సగానికి దిగకముందే వెనక్కు మళ్ళాలి. అంతకన్న ముఖ్యమైనది ఒకటి ఉన్నది. చల్లగా ఉన్న బ్యాటరీకి వెంటనే ఛార్జింగు పెట్టరాదు. సున్నాకు దిగువన ఛార్జింగు పెడితే లిథియం లోపలికి ఇంకకుండా, లోహంగా పైన పేరుకుంటుంది. దానివల్ల బ్యాటరీ చెడిపోవడమే కాక, లోపల షార్టు సర్క్యూటు అయి నిప్పు అంటుకునే ప్రమాదం కూడా ఉన్నది. ఇంట్లోకి తెచ్చి, గది వేడికి రానిచ్చి, అప్పుడు పెట్టాలి.

ఇప్పుడు ప్రభుత్వ చట్టం. "పోలీసులు పట్టుకోరా?" అన్న ప్రశ్నకు జవాబు ఇది. మినెసోటాలో పెడల్సు ఉండి, మోటారు 750 వాట్లకు మించకుండా, నిర్ణయించిన వేగం దాటగానే మోటారు సాయం ఆగిపోయేటట్టు ఉంటే, దానిని సైకిలుగానే లెక్కిస్తారు. ఈ బళ్ళలో మూడు తరగతులు ఉన్నాయి. మొదటి రెండు తరగతులకు హద్దు గంటకు 20 మైళ్ళు, మూడవదానికి 28 మైళ్ళు. 15 సంవత్సరాలు నిండనివారు దీనిని నడపరాదు. రాత్రి వేళ ముందు తెల్లదీపం, వెనక ఎర్రగా మెరిసే బిళ్ళ ఉండాలి. మోటారును మార్చి ఇంకా వేగంగా పోయేటట్టు చేస్తే అది సైకిలు కాకుండా పోతుంది. సరస్సుకు దిగే దారి ఎవరిదన్నది కూడా చూసుకోవాలి. ఒకరి ఇంటి స్థలం గుండా అడగకుండా పోవడం అక్కడా తప్పే. పార్కుకు, దారికి, సరస్సుకు వేరువేరు నిబంధనలు ఉండవచ్చు. ఒడ్డున పాతిన బోర్డు చదవాలి, స్థానిక అధికారులను అడగాలి. మరొక రాష్ట్రానికి వెళితే అక్కడి చట్టం మళ్ళీ మొదటి నుంచి తెలుసుకోవాలి.

మరి మన దేశంలో? మన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం మోటారు శక్తి 250 వాట్లకు లోపు ఉండి, వేగం గంటకు 25 కిలోమీటర్లకు లోపు ఉండేటట్టు చేసి, ఆమోదం పొందిన బ్యాటరీ బండి మోటారు వాహనం కిందికి రాదు. దానికి రిజిస్ట్రేషను, లైసెన్సు అక్కరలేదు. అంతకు మించినది బ్యాటరీతో నడిచినా మోటారు వాహనమే. చప్పుడు చేయదు కనక అది ఆటబొమ్మ అనుకోరాదు. లైసెన్సు లేని పిల్లవాడు దానిని నడిపి నేరం జరిగితే, 2019లో సవరించిన చట్టం ప్రకారం శిక్ష పడేది తండ్రికి గానీ బండి యజమానికి గానీ: మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. పైగా ఆ పిల్లవానికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. "నాన్నా, ఒక్కసారి కీ ఇవ్వు" అని అడిగే ముందు ఈ అంకెలు గుర్తు చేసుకోండి.

సరే, అన్నయ్యకు చెప్పవలసినవి వరసగా రాస్తాను. ఉత్తరంలో ఎత్తి రాయవచ్చు.

ఒకటి: ఒంటరిగా పోవద్దు. ఎక్కడికి పోతున్నదీ, ఎప్పుడు తిరిగి వచ్చేదీ ఇంట్లో చెప్పి పోవాలి. ఇద్దరు పోతే పక్కపక్కన తొక్కరాదు, ఎడం ఉంచుకోవాలి.

రెండు: మందం కొలవకుండా దిగరాదు. వడ్రంగి బరమా వంటి పెద్ద సాధనంతో గానీ గడ్డపారతో గానీ రంధ్రం చేసి కొలుస్తారు. ఒక్క చోట కొలిస్తే చాలదు, దారి పొడుగునా కొలుస్తూ పోవాలి. చేపలకు ఎర పెట్టి కూర్చునే స్థానికులను అడిగితే ఊటలెక్కడ ఉన్నాయో చెబుతారు.

మూడు: లైఫ్ జాకెట్టు తొడుక్కోవాలి. హెల్మెట్టు పెట్టుకోవాలి. మెడలో ఒక జత చెక్క పిడులు వేలాడదీసుకోవాలి. వాటి కొసలకు మేకులు ఉంటాయి. నీళ్ళలో పడితే ఆ మేకులను మంచులో గుచ్చి పైకి పాకవచ్చు. ఒక తాడు, ఒక ఈల, తడవకుండా కట్టిన ఫోను కూడా ఉండాలి.

నాలుగు: చలికాలం మొదట్లో, చివరలో, చీకటిలో, వాన పడ్డ మరునాడు వెళ్ళరాదు.

ఇంత చేసినా పడితే? కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయంలో పనిచేసిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ అనే ఆచార్యుడు తానే గడ్డకట్టే నీళ్ళలో దిగి పరీక్షలు చేసి చూశాడు. ఆయన మూడు అంకెలు గుర్తుంచుకోమంటాడు: ఒకటి, పది, ఒకటి. మొదటి ఒక నిమిషం ఊపిరి ఎగిసిపడుతుంది. అప్పుడు నోట్లోకి నీరు పోకుండా, గాభరా పడకుండా ఊపిరిని స్వాధీనం చేసుకోవాలి. తరువాత పది నిమిషాలు చేతులు, కాళ్ళు మన మాట వింటాయి. ఆలోపల బయటపడాలి. స్పృహ తప్పడానికి సుమారు ఒక గంట పడుతుంది. అంటే పడగానే చస్తామని నిరాశపడనక్కరలేదు. వచ్చిన వైపుకే తిరగాలి. ఎందుకంటే అక్కడి మంచు అంతదాకా మనలను మోసింది. మోచేతులు మంచు మీద ఆనించి, ఈత కొట్టినట్టు కాళ్ళు ఆడిస్తూ పైకి పాకాలి. పైకి వచ్చాక లేచి నిలబడరాదు. దొర్లుకుంటూ పోవాలి. సైకిలు మునిగితే మునగనీ, దాని కోసం చేయి చాచరాదు.

ఒడ్డున ఉన్నవాడు పరుగెత్తి పోరాదు. పోతే ఇద్దరు మునుగుతారు. ముందు కేకవేసి మనుషులను పిలవాలి, ఫోను చేయాలి. అమెరికాలో 911, మన దేశంలో 112. తరువాత తాడు విసరాలి, కర్ర చాపాలి, నిచ్చెన తోయాలి.

ఈ చివరి మాట మనకు కూడా అచ్చంగా పనికి వస్తుంది. మన చెరువులు గడ్డ కట్టవు, నిజమే. కాని పైకి ఒకలాగా, లోపల మరొకలాగా ఉండే గుణం వాటికీ ఉన్నది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పనులలో చాలా చెరువుల నుంచి పూడికమట్టి తీశారు. ఆ మట్టితో పొలాలు బాగుపడ్డాయి. కాని మట్టి తీసిన చోట గుంతలు ఉంటాయి. నీరు నిండాక అవి కనిపించవు. మోకాలి లోతు అనుకుని వేసిన అడుగు మనిషి లోతులో పడుతుంది. ఎండాకాలం సెలవులలో ఎంతమంది పిల్లలు ఇలా పోతున్నారో మీరు పేపర్లలో చదువుతూనే ఉన్నారు. ఒకడు మునుగుతుంటే ఈత రాని మరొకడు దూకడం, ఇద్దరూ పోవడం ఇంకా పెద్ద దుఃఖం. దూకకండి. కండువా, పంచె, చీర, బావి తాడు, వెదురు బొంగు, ఖాళీ క్యాను, ఏది దొరికితే అది అందించండి.

నాయనమ్మకు కూడా ఒక మాట చెప్పండి. "తొక్కవద్దు" అన్న మాట కుర్రవాళ్ళు ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేస్తారు. "ఎన్ని అంగుళాలు కొలిచావు?" అని అడగమనండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే కొలవక తప్పదు.

చేసి చూడండి: ఇంట్లో ఫ్రిజ్ ఉంటే, ఒకే కొలత గల రెండు చదరపు టిఫిను డబ్బాలు తీసుకోండి. ఒకదానిలో అర సెంటీమీటరు ఎత్తున, రెండవదానిలో ఒక సెంటీమీటరు ఎత్తున నీరు పోసి రాత్రంతా గడ్డ కట్టనివ్వండి. పలకలను మెల్లగా తీసి, రెండు ఇటుకల మధ్య వంతెనలాగా పెట్టండి. ఒక్కొక్కదాని మీద ఖాళీ గుడ్డసంచి పెట్టి, అది విరిగేదాకా ఇసుక కొద్దికొద్దిగా పోయండి. ఇసుకను తూచి చూడండి. మందం రెండింతలే, మరి ఇసుక ఎన్ని రెట్లు పట్టింది? త్వరగా చేయాలి, లేకపోతే మంచు కరిగిపోతుంది. కాళ్ళు దూరంగా పెట్టుకోండి.

లెక్క వేయండి: (1) గోల్డ్ సూత్రం ప్రకారం 8 సెంటీమీటర్ల మంచు ఎంత బరువు మోస్తుంది? అయినా దాని మీదికి ఎందుకు పోరాదు? (2) గ్లాసులో అంచుదాకా నీరు ఉన్నది, అందులో మంచుగడ్డ తేలుతున్నది. గడ్డ కరిగితే నీరు పొర్లుతుందా? (3) హిమం దుప్పటిలాగా పనిచేస్తుందని చెప్పాను. మన దుప్పటి వేడిని పుట్టిస్తుందా, ఉన్న వేడిని పోకుండా ఆపుతుందా?

జవాబులు మీ మాటలలోనే రాసి పంపండి. సరైనవి వచ్చే నెల చెప్పుకుందాం.